జాన్ ఫేహీ: బ్లూస్‌ని పట్టుకుని ఎక్కడిదాకా పోయాడీయన?

స్లైడ్_శీను · శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్తే. ఫింగర్‌పికింగ్ (తీగల్ని వేళ్లతో విడివిడిగా మీటడం) వీడియోలు చూస్తూ చూస్తూ జాన్ ఫేహీ అనే అమెరికన్ గిటారిస్టు దగ్గర తేలాను. ముందు "ద ట్రాన్స్‌ఫిగరేషన్ ఆఫ్ బ్లైండ్ జో డెత్" (1965) విన్నాను. పాట లేదు, డ్రమ్స్ లేవు, దాదాపు అంతా ఒక్క అకూస్టిక్ గిటారే. బొటనవేలు కింద తీగల మీద ఆగకుండా నడుస్తుంటుంది, పైన ఏదో పాత చర్చి పాటలా, ఏదో పల్లెపాటలా వినిపిస్తుంది. ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపించింది. పిచ్చెక్కిపోయింది.

అదే ఊపులో ఆయన పేరు మీదే ఉన్న "వూమ్‌లైఫ్" (1997) పెట్టాను. మొదటి ట్రాక్ పేరు "షార్క్స్". గిటార్ ఎక్కడుందో కూడా అర్థం కాలేదు. హోరు, గీరుడు, మధ్యమధ్య ఏదో లోహం మోగినట్టు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఫ్రిజ్ పాడైందా అని అడిగింది.

ఇద్దరూ ఒకడేనా? లేక యాప్‌వాడు ఒకే పేరున్న ఇద్దర్ని కలిపేశాడా? ఒకడే అయితే ఆ మధ్య ముప్ఫై ఏళ్లలో ఏం జరిగింది?

నాయిస్_నాని · శుక్రవారం, రాత్రి 10:31

ఒకడే బ్రో. ఏమీ జరగలేదు, మొదట్నుంచీ అంతే. నిజంగా. రేపు తీరిగ్గా రాస్తాను.

పాతరికార్డు · శుక్రవారం, రాత్రి 11:05

నాని "ఏమీ జరగలేదు" అని తేల్చేశాడు గానీ చాలానే జరిగింది. శీను గారూ, కథ పొడుగు. ఓపికుంటే చదవండి.

1939 ఫిబ్రవరి 28న వాషింగ్టన్ డీసీలో పుట్టాడు. పెరిగింది ఆ పక్కనే, మేరీల్యాండ్‌లోని టకోమా పార్క్‌లో. 1952 ప్రాంతంలో సియర్స్ రోబక్ క్యాటలాగ్ చూసి 17 డాలర్లకు మొదటి గిటార్ తెప్పించుకున్నాడు. అప్పట్లో ఆ కుర్రాడి పిచ్చంతా కంట్రీ, బ్లూగ్రాస్. బ్లూస్ లాంటి నల్లవాళ్ల సంగీతం అంటే పడేది కాదు. డిక్ స్పాట్స్‌వుడ్ అనే స్నేహితుడితో కలిసి అమెరికా దక్షిణాదిలో ఊళ్లు తిరిగేవాడు. ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టి, పాత 78 ఆర్‌పీఎం రికార్డులుంటే కొంటాం అని అడగడమే పని.

అలా దొరికినవాటిలో నల్ల గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ పాడిన "ప్రెయిజ్ గాడ్ ఐయామ్ శాటిస్‌ఫైడ్" ఒకటి. స్పాట్స్‌వుడ్ దాన్ని పెడితే కడుపులో తిప్పినట్టయింది, తీసెయ్ అన్నాను అని ఫేహీయే తర్వాత చెప్పుకున్నాడు. తీసేశారు. కానీ ఆ గొంతు బుర్రలోంచి పోలేదు. మళ్లీ పెట్టించుకుని విన్నాడు, ఏడ్చేశాడు. అక్కణ్నుంచి మనిషి మారిపోయాడు.

1959లో, ఇరవై ఏళ్ల వయసులో, పెట్రోల్ బంకులో పనిచేసి దాచుకున్న డబ్బుకి మరికొంత అప్పు కలిపి 100 ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) వేయించాడు. లేబుల్‌కి, అంటే తన రికార్డు కంపెనీకి, పెట్టింది ఊరి పేరే: టకోమా రికార్డ్స్. తెల్లటి అట్ట, ఒకవైపు "జాన్ ఫేహీ" అని, రెండోవైపు "బ్లైండ్ జో డెత్" అని నల్ల అక్షరాలు. కొన్ని బంకు దగ్గరే అమ్మాడు. కొన్ని జానపద సంగీత పండితులకు పంపాడు. ఇంకొన్ని పాత సామాన్ల దుకాణాలకు పట్టుకెళ్లి, అక్కడి రికార్డుల మధ్య ఎవరూ చూడకుండా దూర్చి వచ్చాడు. తర్వాతెవరైనా ఏరుకుంటూ వస్తే, మర్చిపోయిన పాత బ్లూస్ మహానుభావుడెవరో దొరికాడనుకోవాలని. ఆ బ్లైండ్ జో డెత్ అనేవాడు లేడు. రెండువైపులా వాయించింది ఇతనే.

చేయి తిరిగేకొద్దీ అదే ఎల్పీని 1964లో ఒకసారి, 1967లో ఇంకోసారి కొత్తగా రికార్డ్ చేశాడు. 2010లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని జాతీయ రికార్డింగుల రిజిస్ట్రీలో చేర్చింది. బంకు జీతంతో వేయించిన రికార్డు!

కిరణ్.కెఎన్ఎల్ · శుక్రవారం, రాత్రి 11:09

ఫాలోయింగ్.

లావణ్య_టి · శనివారం, ఉదయం 7:48

ఈయన గిటార్ నాకూ ఇష్టమే. కానీ "పాతరికార్డు" గారు బ్లైండ్ జో డెత్ విషయాన్ని కుర్రచేష్టలా దాటించేశారు. నాకది అంత తేలిగ్గా దిగదు.

అంతకుముందు ఏడాది, 1958లో, జో బుసార్డ్ నడిపే ఫోనోటోన్ లేబుల్ కోసం "బ్లైండ్ థామస్" పేరుతో కూడా రికార్డ్ చేశాడు. అంటే ఇది ఒక్కసారి తోచిన సరదా కాదు. శివారు పేటలో పెరిగిన తెల్ల కుర్రాడు గుడ్డివాడైన నల్ల గాయకుడి వేషం కట్టాడు. నిజంగా గుడ్డివాడైన బ్లైండ్ విల్లీ జాన్సన్ గతేమయింది? 1945లో టెక్సస్‌లోని బోమాంట్‌లో ఇల్లు కాలిపోతే, వెళ్లడానికి ఇంకో చోటు లేక ఆ కాలిన ఇంట్లోనే తడి పరుపు మీద పడుకుని జ్వరంతో పోయాడని ఆయన భార్య చెప్పింది. ఆయన రికార్డు విని ఏడ్చినవాడు, ఆ "బ్లైండ్" అనే మాటనే జోక్‌గా వాడుకున్నాడు. ఇదీ నా ఇబ్బంది.

పాతరికార్డు · శనివారం, ఉదయం 9:20

లావణ్య గారూ, ఇబ్బంది న్యాయమైనదే. కాకపోతే ఆ జోక్ ఎవరి మీదో కూడా చూడాలి. అప్పట్లో తెల్ల కలెక్టర్లకు ఒక జబ్బుండేది. గాయకుడు నల్లవాడై, పేదవాడై, వీలైతే గుడ్డివాడై, ఇంకా వీలైతే చచ్చిపోయి ఉంటేనే అసలు సిసలు బ్లూస్ అని. ఆ కలెక్టర్లలో ఫేహీ కూడా ఒకడే కాబట్టి వాళ్ల బలహీనత బాగా తెలుసు. ఆ ఎల్పీల అట్టల మీద రాసిన నోట్సు చూడండి. పండితుల భాషలోనే, పండితుల గాంభీర్యంతోనే, లేని మనిషికి లేని జీవితచరిత్ర అల్లుతాడు.

పోనీ ఆ పండితుల్ని దూరం నుంచి వెక్కిరించి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. కాలిఫోర్నియాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో జానపద విజ్ఞానం చదివి, పాత బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ మీద ఎంఏ థీసిస్ రాశాడు. అది 1970లో పుస్తకంగా వచ్చింది. ప్యాటన్ 1934లో పోయాడు. అరిగిపోయిన రికార్డుల్లో గరగరల మధ్య ఆయన పాడిన మాటలు పట్టుకోవడమే పెద్ద యాతన. ఆ మాటల్ని ఒక్కొక్కటిగా రాసుకుని, బాణీల్ని విడదీసి చూపించాడు.

ఇంకో సంగతి. 1963లో ఫేహీ, ఎడ్ డెన్సన్ కలిసి ఒక పోస్టుకార్డు రాశారు. బుక్కా వైట్ అనే బ్లూస్ గాయకుడు 1940లో మిసిసిపీలోని అబర్‌డీన్ గురించి పాడాడు కదా, అక్కడే ఉంటాడేమోనని "బుక్కా వైట్, పాత బ్లూస్ గాయకుడు, అబర్‌డీన్, మిసిసిపీ" అని అడ్రసు రాసి పోస్ట్ చేశారు. అంతే అడ్రసు. వైట్ అప్పటికి మెంఫిస్‌లో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు. కార్డు చేతులు మారి చివరికి ఆయన్ని చేరింది! వీళ్లు వెళ్లి రికార్డ్ చేశారు, టకోమా లేబుల్ మీదే ఎల్పీ వచ్చింది. ఆయన రెండో జీవితం అక్కడ మొదలైంది.

లావణ్య_టి · శనివారం, ఉదయం 9:57

పోస్టుకార్డు కథ నాకూ ఇష్టం. అందరూ చెప్పేది అదే. స్కిప్ జేమ్స్ అనే బ్లూస్ గాయకుడి కథ ఎవరూ పూర్తిగా చెప్పరు.

1931లో పారమౌంట్ కంపెనీకి కొన్ని పాటలు పాడి కనుమరుగైపోయాడు జేమ్స్. 1964లో ఫేహీ, బిల్ బార్త్, హెన్రీ వెస్టైన్ ముగ్గురూ వెతుక్కుంటూ వెళ్తే మిసిసిపీలోని ట్యూనికా ఆసుపత్రిలో మంచం మీద దొరికాడు. కొద్ది వారాల్లోనే న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ వేదిక మీద కూర్చోబెట్టారు. బాగుంది. కానీ ఆయనకీ ఫేహీకీ అస్సలు పడలేదు. జేమ్స్ గర్విష్ఠి, ముక్కోపి, ఈ కుర్రాళ్లని లెక్కచేసేవాడు కాదు. ఫేహీ తర్వాత ఆయన గురించి చేదుగానే రాశాడు. మనిషిని వెతికి పట్టుకోవడం ఒకటి, ఆ మనిషి మనం రికార్డు వింటూ ఊహించుకున్నట్టే ఉండాలనుకోవడం ఇంకొకటి. ముప్ఫై మూడేళ్లు ఎవరూ పట్టించుకోని మనిషి, ముగ్గురు కుర్రాళ్లు గుమ్మంలోకి రాగానే కృతజ్ఞతతో కరిగిపోవాలా?

మేరీల్యాండ్_మధు · శనివారం, ఉదయం 10:30 (ఇక్కడ అర్ధరాత్రి దాటింది)

నిద్రపోదామనుకుంటే మా పేట పేరు కనపడింది. నేనుండేది సిల్వర్ స్ప్రింగ్‌లో, టకోమా పార్క్ పక్కనే. ఆయన మొదటి ఎల్పీలో "స్లైగో రివర్ బ్లూస్" అని ఉంది కదా. ఆ స్లైగో మా వాకింగ్ ట్రెయిల్ పక్కన పారే వాగు. రివర్ అన్నది ఆయన ధారాళం. వానల్లేని రోజుల్లో రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటేస్తాం.

ఇంకో ముక్క పేరు "ద డౌన్‌ఫాల్ ఆఫ్ ది అడెల్ఫీ రోలింగ్ గ్రిస్ట్ మిల్". ఆ పిండిమర కూడా ఇక్కడిదే, 1796లో కట్టింది, రాతి భవనం ఇప్పటికీ ఉంది. "టకోమా పార్క్ పూల్ హాల్ బ్లూస్" అని ఇంకొకటి. చూశారా, మిసిసిపీ పత్తి పొలాల పేర్లు పెట్టుకోవచ్చు కదా, ఈయన తన కాలనీ వాగుకీ, పిండిమరకీ, పూల్ ఆడుకునే గదికీ పెద్ద పెద్ద సింఫనీలకు పెట్టినట్టు పేర్లు పెట్టుకున్నాడు. లావణ్య గారు చెప్పిన వేషం సంగతి కాదనను. కానీ సంగీతంలోకి వచ్చేసరికి ఎక్కువగా తన ఊరి గురించే వాయించాడు.

లావణ్య_టి · శనివారం, ఉదయం 10:52

మధు గారూ, ఇది బాగుంది. దీనికే ఇంకొకటి కలుపుతాను: ఎల్పీల్లో ఆయన దాదాపు ఎక్కడా పాడలేదు. బ్లూస్ పట్టుకున్న తెల్ల కుర్రాళ్లు చాలామంది చేసిన పని గొంతు బొంగురు చేసుకుని, ఎవరిదో కష్టాన్ని తమదిగా పాడటం. ఈయన మాటలు పూర్తిగా తీసేసి చేతులు మాత్రమే తీసుకున్నాడు. నా దృష్టిలో ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం అదే. పేరు విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను.

తీగ_తెగింది · శనివారం, మధ్యాహ్నం 1:15

ఇప్పటిదాకా ఎవరూ గిటార్ గురించి మాట్లాడలేదు కాబట్టి నేనొచ్చాను.

స్టీలు తీగల గిటార్‌ని కచేరీ వాద్యంగా ఒంటరిగా నిలబెట్టినవాడు ఫేహీ. అంతకుముందు అది పాటకి పక్కవాద్యం. ఒంటరి గిటార్ అంటే నైలాను తీగల క్లాసికల్ వాళ్లదే. ఈయన ప్యాటన్, జాన్సన్, మిసిసిపీ జాన్ హర్ట్ లాంటివాళ్లు పాడుతూ వాయించిన పద్ధతి తీసుకున్నాడు. బొటనవేలు బేస్ తీగల మీద అటూ ఇటూ లయ కొడుతుంది, వేళ్లు పైతీగల మీద బాణీ పలికిస్తాయి. అది మూడు నిమిషాల పద్ధతి, ఎందుకంటే 78 రికార్డు ఒక వైపు పట్టేది అంతే. ఆ మూడు నిమిషాలదాన్ని ఈయన పది, ఇరవై నిమిషాలకి సాగదీశాడు. సాగదీయాలంటే సరుకు కావాలి కదా. ఆ సరుకు ఎక్కణ్నుంచి తెచ్చాడో చూడండి.

"డెత్ చాంట్స్, బ్రేక్‌డౌన్స్ అండ్ మిలిటరీ వాల్ట్జెస్" (1963)లో "స్టాంపింగ్ టునైట్ ఆన్ ద పెన్సిల్వేనియా-అలబామా బోర్డర్" అని ఒకటుంది. ఆ రెండు రాష్ట్రాలకీ సరిహద్దే లేదు. శ్రీకాకుళం-అనంతపురం పొలిమేరలో చిందులు అన్నట్టన్నమాట. అందులో మొదటి కార్డులు (ఒకేసారి కలిపి మోగే స్వరాలు) ఇంగ్లిష్ స్వరకర్త వాన్ విలియమ్స్ ఆరో సింఫనీ చివరి భాగంలోవి. అక్కణ్నుంచి స్కిప్ జేమ్స్ పోకడలోకి జారుతుంది. ఆ తర్వాత "డీస్ ఇరే", అంటే చావు ప్రార్థనల్లో పాడే పాత గ్రెగోరియన్ మంత్రం. ఇవి ఎక్కణ్నుంచి వచ్చాయో ఫేహీయే వివరంగా చెప్పాడు. ఆ ముక్కని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. అతుకులు తెలుస్తాయి, దాచాలని చూడలేదు. బ్రిటిష్ సింఫనీ పక్కన మిసిసిపీ, దాని పక్కన చర్చి, అన్నిటి కిందా బొటనవేలు మాత్రం అలా కొట్టుకుంటూనే ఉంటుంది. లేని సరిహద్దు అనే పేరు ఎందుకు పెట్టాడో అప్పుడు తెలుస్తుంది.

శీను, నువ్వు ఇద్దరు వాయిస్తున్నారనుకున్నది ఆ బొటనవేలు వల్లే.

రాధిక_వీణ · శనివారం, సాయంత్రం 6:40

నేను వీణ వైపు నుంచి వచ్చిన మనిషిని, బ్లూస్ పెద్దగా తెలియదు. ఇక్కడ లింకులు చూసి పొద్దుట్నుంచీ వింటున్నా. "ఎ రాగా కాల్డ్ ప్యాట్" అని కనిపిస్తే ఆశగా పెట్టాను. ఏ రాగమో పట్టుకుందామని చూస్తే రైలు కూత, పక్షుల అరుపులు! ఆరోహణా లేదు, అవరోహణా లేదు. ఇది మన సంగీతం మీద గౌరవమా, వెటకారమా?

నాయిస్_నాని · శనివారం, సాయంత్రం 7:02

రెండూ అక్కా. 1967లో ఊరంతా సితార్ వెంట పడుతున్నప్పుడు, "రాగా" అని పేరు పెట్టి లోపల రైలు పెట్టాడు. కానీ గిటార్ మాత్రం సీరియస్‌గానే వాయించాడు. అది నాలుగు భాగాలు, రెండు "డేస్ హావ్ గాన్ బై"లో, మిగతా రెండు "ద వాయిస్ ఆఫ్ ద టర్టిల్" (1968)లో ఉన్నాయి.

పాతరికార్డు · శనివారం, సాయంత్రం 7:30

రాధిక గారూ, మన సంగీతం నిజంగా నేర్చుకున్నవాడు కావాలంటే అదే టకోమా లేబుల్‌లో రాబీ బాషో ఉన్నాడు. అలీ అక్బర్ ఖాన్ దగ్గర నేర్చుకున్నాడు. ఆయన ఆలాపన మీకు కాస్త దగ్గరగా ఉంటుంది. లియో కొట్కే పేరు తెచ్చుకున్న ఎల్పీ (1969), జార్జ్ విన్‌స్టన్ మొదటి పియానో ఎల్పీ (1972) కూడా టకోమావే. లేబుల్ నడిపే మనిషిగా ఫేహీ చెవి గొప్పది.

ఇక ఫేహీ దగ్గర వెటకారం లేనిది కావాలంటే "ఫేర్ ఫార్వర్డ్ వాయేజర్స్" (1973) వినండి. అప్పటికి యోగా గురువు స్వామి సచ్చిదానంద ప్రభావంలో ఉన్నాడు, ఎల్పీ ఆయనకే అంకితం. అందులో "దస్ కృష్ణ ఆన్ ద బ్యాటిల్‌ఫీల్డ్" అని ఒక ముక్క. ఆ మాట టీఎస్ ఎలియట్ కవితలోది, ఎలియట్‌కి గీత నుంచి వచ్చింది. అలా కురుక్షేత్రం ఇంగ్లిష్ కవిత మీదుగా మేరీల్యాండ్ గిటార్ దాకా వచ్చిందన్నమాట. రెండో వైపంతా ఒకే ముక్క, ఇరవై నిమిషాల పైన.

రాధిక_వీణ · ఆదివారం, ఉదయం 8:15

విన్నాను. రాత్రి రెండుసార్లు. రాగం కాదు, అనుకోనక్కర్లేదు కూడా. కానీ కింది తీగ శ్రుతిలా పట్టుకుని ఉండటం, దాని మీద చిన్న పదం పట్టుకుని తిప్పి తిప్పి నెమ్మదిగా పైకి తీసుకెళ్లడం, ఆ తొందర లేకపోవడం, అది నాకు బాగా తెలిసిన విషయమే. ఎక్కడా గమకం లేదు. అయినా చెవి నిలబడింది. ఆ కింది తీగలు అంతలా మోగడానికి ట్యూనింగే కారణమా?

తీగ_తెగింది · ఆదివారం, ఉదయం 8:50

అవునండి. ఓపెన్ ట్యూనింగులు. ఏ తీగనీ నొక్కకుండా మీటినా కార్డు పలుకుతుంది, కాబట్టి కింది తీగలు తెరిచి వదిలేస్తే మోగుతూనే ఉంటాయి. సి, జి, డి లాంటివి బ్లూస్ వాళ్లే వాడేవారు. స్కిప్ జేమ్స్‌ది ఇంకా వింతది, మైనర్ కార్డుకి శ్రుతి చేసేవాడు, ఆ దిగులంతా అక్కడిదే.

నాయిస్_నాని · ఆదివారం, మధ్యాహ్నం 12:20

సరే, నా వంతు. శీను అసలు అడిగింది 1997 సంగతి.

60ల్లో, 70ల్లో బానే నడిచింది. 1968లో క్రిస్మస్ పాటల ఎల్పీ "ద న్యూ పాసిబిలిటీ" చేశాడు. రికార్డుల షాపులో ఎండాకాలంలోనే బింగ్ క్రాస్బీ "వైట్ క్రిస్మస్" పెట్టెలు దింపుతుంటే చూసి, ఓహో ఇది ఏటా అమ్ముడుపోయే సరుకన్నమాట అని వచ్చిన ఐడియా అది. లక్షకు పైగా పోయింది. 1979లో టకోమా లేబుల్ క్రిసాలిస్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. 1981లో ఓరెగాన్‌లోని సేలంకి మారాడు. అక్కడ మొదలైంది పతనం. ఎప్‌స్టీన్-బార్ వైరస్ జబ్బు, షుగర్, తాగుడు, విడాకులు. చవక మోటెళ్లలో, కొన్నాళ్లు నిరాశ్రయుల షెల్టర్‌లో గడిపాడు. గిటార్లు తాకట్టు పెట్టేవాడు. పాత సామాన్ల దుకాణాల్లో క్లాసికల్ ఎల్పీలు ఏరి కలెక్టర్లకు అమ్మి అద్దె కట్టేవాడు. ఒకప్పుడు తన రికార్డుల్ని దొంగచాటుగా దూర్చిన అలాంటి దుకాణాల్లోనే!

1994లో స్పిన్ పత్రికలో బైరన్ కోలీ పెద్ద వ్యాసం రాశాడు. అదే ఏడాది రైనో కంపెనీ పాత రికార్డింగుల సంకలనం తెచ్చింది. అప్పుడు కొత్త తరం వాళ్లు, నాయిస్ (హోరునే సంగీతంగా చేసేవాళ్లు), ఇండీ (పెద్ద కంపెనీలకి బయట చేసేవాళ్లు) బ్యాచ్ మొత్తం, ఈయన దగ్గరికి వచ్చారు. వాళ్లు కోరుకున్నది పాత ఫేహీని. ఈయన వాళ్లకి ఇచ్చింది "సిటీ ఆఫ్ రెఫ్యూజ్", "వూమ్‌లైఫ్". రెండూ 1997. "వూమ్‌లైఫ్"కి జిమ్ ఓరూర్క్ ప్రొడ్యూసర్. శీనూ, నువ్వు మొదటి ట్రాక్ దగ్గరే ఆపేసి ఉంటావు. చివరి ట్రాక్ "హువానా"కి వెళ్లు. ఆ హోరంతా అయ్యాక ఒక్క అకూస్టిక్ గిటార్ వస్తుంది. దాన్ని విడిగా వినొద్దు, మొదట్నుంచీ వినే చేరుకో.

పాతరికార్డు · ఆదివారం, మధ్యాహ్నం 1:05

నాని, నాకు ఆ నాయిస్ ఎక్కదు, మొహమాటం లేకుండా చెప్తున్నా. మనిషి ఆరోగ్యం పోయింది, వేళ్లలో పాత వేగం లేదు. వేగం లేనివాడు హోరు వెనక్కి వెళ్లాడు. పైగా కచేరీల్లో పాతవి వాయించమంటే వాయించడు, తన పాత సంగీతాన్ని తనే తిట్టుకుంటాడు. టికెట్టు కొన్నవాడి సంగతేంటి?

నాయిస్_నాని · ఆదివారం, మధ్యాహ్నం 1:40

వేగం తగ్గింది, ఒప్పుకుంటా. కానీ వేగం పోయాక హోరు మొదలైందన్నది తేదీలతో కుదరదు సార్. 1967లో వేళ్లు మాంచి ఊపులో ఉన్నప్పుడే "రెక్వియా"లో "రెక్వియం ఫర్ మాలీ" చేశాడు. నాలుగు భాగాలు, గిటార్ మీద టేపు ముక్కలు, గోల, ఎక్కడెక్కడివో గొంతులు అతికించాడు. మరుసటి ఏడాది "ద యెల్లో ప్రిన్సెస్"లో మెంఫిస్ వంతెన శబ్దాన్నే ఒక ట్రాక్ చేశాడు. రాధిక అక్క విన్న రైలు కూడా 1967దే. పాత అభిమానులు ఆ ట్రాకులు వచ్చినప్పుడల్లా సూది ఎత్తి ముందుకి పెట్టుకున్నారు, అంతే తేడా.

ఇంకోటి. "సిటీ ఆఫ్ రెఫ్యూజ్" పేరు గుర్తుపట్టారా? 1928లో బ్లైండ్ విల్లీ జాన్సన్ ఆ శరణు నగరం గురించే పాడాడు. మీరు పైన రాసినదే: మొదటిసారి ఆయన గొంతు వినగానే కుర్రాడికి కడుపులో తిప్పింది, తర్వాత ఏడిపించింది. బ్లూస్ అంటే ఆయనకి తగిలింది అలా. చేతులు అందమైన బాణీలు చేసిపెడితే జనం హాయిగా, నిద్రమాత్రలా వినడం మొదలుపెట్టారు. చివరికి న్యూ ఏజ్ సంగీతానికి, అంటే ధ్యానానికీ విశ్రాంతికీ పెట్టుకునే మెత్తటి సంగీతానికి, తాత అని బిరుదిచ్చారు. మీరు చెప్పిన విన్‌స్టన్ తర్వాత అక్కడే స్టార్ అయ్యాడు. అందుకే ఆ ఆల్బంలో న్యూ ఏజ్ చావు మీద ఇరవై నిమిషాల ముక్క పెట్టాడు. జనానికి మళ్లీ కడుపులో తిప్పాలి. అదే ఆయన లెక్క అని నా వాదన.

లావణ్య_టి · ఆదివారం, మధ్యాహ్నం 2:10

నాని చెప్పింది నాకు నచ్చింది. అందమైన బ్లూస్ వినేవాడికి సౌకర్యం. విల్లీ జాన్సన్ గొంతులో ఆ సౌకర్యం లేదు, "షార్క్స్"లోనూ లేదు. ముసలితనంలో ఈయన వేషం తీసేసి, తగిలిన దెబ్బని మాత్రం ఉంచుకున్నాడేమో.

పాతరికార్డు · ఆదివారం, మధ్యాహ్నం 3:25

వాదన బాగుంది, అయినా నేను "షార్క్స్" వినను. కానీ ఆ చివరి ఏళ్లలోనే ఆయన చేసిన పని ఒకటుంది, దానికి మాత్రం దణ్ణం పెడతాను. తండ్రి పోయాక వారసత్వంగా కొంత డబ్బు వచ్చింది. షుగర్ జబ్బుతో మోటెల్లో ఉండే మనిషి దాంతో ఇల్లు కొనుక్కోవచ్చు కదా. 1996లో డీన్ బ్లాక్‌వుడ్‌తో కలిసి రెవెనెంట్ అనే రికార్డు లేబుల్ పెట్టాడు. హ్యారీ స్మిత్ పాత రికార్డుల నుంచి కూర్చిన జానపద సంకలనంలో అప్పటిదాకా బయటికి రాని నాలుగో భాగం వాళ్లే తెచ్చారు (2000).

ఆ లేబుల్‌లో పెద్ద పని చార్లీ ప్యాటన్ పెట్టె. ఏడు సీడీలు, వాటితో పాటు ఫేహీ 1970 పుస్తకం మళ్లీ అచ్చు. అది 2001లో వచ్చింది. ఫేహీ అదే ఏడాది ఫిబ్రవరి 22న, గుండెకి బైపాస్ ఆపరేషన్ తర్వాత సేలంలో పోయాడు. ఆరు రోజులు ఆగితే 62 నిండేవి. 2003లో ఆ పెట్టెకి మూడు గ్రామీలు వచ్చాయి.

మేరీల్యాండ్_మధు · ఆదివారం, సాయంత్రం 5:50

ఈయన ప్రభావం ఇంకా ఆగలేదు. జాక్ రోజ్ (2009లో పోయాడు), గ్లెన్ జోన్స్, ఇంగ్లండ్ నుంచి జేమ్స్ బ్లాక్‌షా, వేల్స్ నుంచి గ్వెనిఫర్ రేమండ్. శీను, వీళ్లని కూడా రాసిపెట్టుకో. రేమండ్ వాయింపులో మంట ఉంటుంది, నాకు అందరికన్నా ఆమే ఇష్టం.

స్లైడ్_శీను · ఆదివారం, రాత్రి 9:05

ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. "హువానా" దాకా నాని చెప్పినట్టే, మొదట్నుంచీ వరసగా విన్నాను. "షార్క్స్" ఇంకా నచ్చలేదు గానీ "హువానా" వచ్చేసరికి గొంతు పట్టేసింది.

తీగ అన్నా, ఒక్కటి వాయించి చూడాలనుంది. నా గిటార్‌కి 10 గేజ్ (సన్న) తీగలున్నాయి. ఏది మొదలుపెట్టను?

తీగ_తెగింది · ఆదివారం, రాత్రి 9:40

"సన్‌ఫ్లవర్ రివర్ బ్లూస్". మొదలుపెట్టేవాళ్లకి అంతకన్నా మంచిది లేదు.

ట్యూనింగ్ లావు తీగ నుంచి: సి-జి-సి-జి-సి-ఇ. ఆరో తీగ ఇ నుంచి సికి దింపు. ఐదోది ఎ నుంచి జికి, నాలుగోది డి నుంచి సికి దింపు. మూడోదీ ఒకటోదీ ముట్టుకోవద్దు. రెండోది మాత్రం బి నుంచి సికి, అరమెట్టు పైకి. ఆ ఒక్కటే బిగించేది, నెమ్మదిగా తిప్పు.

10 గేజ్‌తో కష్టం. ఆరో తీగ సికి దిగేసరికి వదులై ఫ్రెట్లకి కొట్టుకుని గరగర మోగుతుంది. కనీసం 12, దొరికితే 13 వేసుకో. గేజ్ మార్చాక మెడ కాస్త వంగొచ్చు, మీ ఊళ్లో గిటార్ రిపేర్ చేసేవాళ్లకి ఒకసారి చూపించు.

పాట జోలికి వెళ్లకు ముందు. బొటనవేలు ఒక్కటే: ఆరు, నాలుగు, ఐదు, నాలుగు. నెమ్మదిగా, సమంగా. పక్కవాళ్లతో మాట్లాడుతున్నా అది దానంతటదే నడవాలి. అప్పుడు పైతీగల మీద ఒక్కో స్వరం వెయ్యి. బొటనవేలు తడబడితే స్వరం ఆపు, బొటనవేల్ని ఆపకు.